అందరూ అంతే తాగారు... మావాడికే ఎందుకిలా అయింది?

పిల్లాడికి ఇంజనీరింగ్ సీటు వచ్చిందనగానే మనం ఏమేం సర్దుతాం? ఆవకాయ సీసా, కందిపొడి, నేతి డబ్బా, జంతికలు, రెండు దుప్పట్లు, ఒక బకెట్టు, జలుబుకీ జ్వరానికీ నాలుగు మాత్రలు. "వేళకి తిను నాన్నా, రాత్రిళ్లు మేలుకోకు, రోజూ ఫోన్ చెయ్యి" అని పదిసార్లు చెబుతాం. బస్సు కదిలాక కొంగుతో కళ్లు తుడుచుకుని ఇంటికి వచ్చేస్తాం. తాగుడు గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పం. చెబితే మనమే గుర్తు చేసినట్టవుతుందని భయం. దానికి తోడు "మావాడు అలాంటివాడు కాదు" అన్న ధీమా ఒకటి.

నేనూ ఆ ధీమాతోనే మూడేళ్లు గడిపాను. పోయినేడాది మావాడి మూడో సంవత్సరం పరీక్షలు అయిపోయిన రాత్రి ఒంటిగంటకి ఫోన్ మోగింది. "ఆంటీ, వాణ్ణి హాస్పిటల్లో చేర్పించాం. కంగారు పడకండి, డాక్టర్లు చూస్తున్నారు" అని వాడి పక్కగది కుర్రాడు. కంగారు పడకండి అంటే పడకుండా ఉండే తల్లి ఎవరండీ? మావారూ నేనూ కట్టుబట్టలతో కారెక్కాం. దారిలో నేను మొక్కని దేవుడు లేడు.

వెళ్లేసరికి పిల్లాడు సెలైన్ బాటిల్ కింద పడుకుని ఉన్నాడు. బయట బెంచీ మీద నలుగురు స్నేహితులు తలలు వంచుకుని కూర్చున్నారు. పరీక్షలు అయ్యాయని ఐదుగురూ కలిసి రెండు ఫుల్ బాటిళ్లు తెచ్చుకున్నారట. "సమంగానే పంచుకున్నాం ఆంటీ. అందరం అంతే తాగాం. వీడికే ఎందుకిలా అయిందో తెలీడం లేదు" అన్నాడు ఒకడు ఏడుస్తూ.

దేవుడి దయ వల్ల గండం గడిచింది. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందరూ అంతే తాగితే మావాడికే ఎందుకు? తెల్లవారాక అక్కడి డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. ఆవిడ చెప్పినవీ, ఆ తరవాత నేను అడిగి, చదివి తెలుసుకున్నవీ మీతో చెప్పాలని ఇది రాస్తున్నాను. కాలేజీకి వెళ్లే పిల్లలున్న ప్రతి తల్లికీ ఇవి తెలిసి ఉండాలి.

గ్లాసుల లెక్క మోసం చేస్తుంది

"బీరే కదా, ఏమవుతుంది?" అని పిల్లలు అనుకుంటారు. మనకీ తెలీదు కాబట్టి మనమూ "పోనీలే, బ్రాందీ కాదు కదా" అనుకుంటాం. లెక్క చూడండి. విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు మామూలుగా 42.8 శాతం ఉంటుంది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు అన్నమాట. 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో 5 శాతం ఉంటే సుమారు 26 గ్రాములు. అదే 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరయితే 41 గ్రాములు. అంటే స్ట్రాంగ్ బీరు ఒక్క సీసా నాలుగు చిన్న పెగ్గులతో సమానం! క్వార్టర్ అనే 180 మిల్లీలీటర్ల సీసాలో ఆరు పెగ్గులు.

మావాడి వాటాకి వచ్చింది 300 మిల్లీలీటర్లు. పది పెగ్గులు. అదీ గంటన్నరలో. వాడు మాత్రం "మూడు గ్లాసులేనమ్మా" అన్నాడు. అబద్ధం కాదు. ఒకడు పోస్తూ ఉంటే గ్లాసు ఖాళీ కాకుండానే మళ్లీ నిండుతుంది. ఇంకెక్కడి లెక్క?

చిన్న గిన్నెలో అదే ఉప్పు

డాక్టరమ్మ నన్నే అడిగారు: "అమ్మా, ఒక చెంచా ఉప్పు ఇద్దరికి సరిపోయే పప్పులో వేస్తే ఎలా ఉంటుంది? పదిమందికి వండిన పప్పులో వేస్తే ఎలా ఉంటుంది?" అంతే నండీ విషయం. ఆల్కహాలు ఒంట్లోని నీటిలో కలుస్తుంది. బరువు తక్కువ ఉన్నవాడి ఒంట్లో నీరూ తక్కువ, కాబట్టి రక్తంలో చిక్కగా ఉంటుంది. మావాడు 52 కిలోలు. మిగతా నలుగురూ 70కి పైమాటే. ఒకే కొలత పోసుకున్నా, మావాడి రక్తంలో చేరింది వాళ్లకంటే బాగా ఎక్కువ.

ఆడపిల్లల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. "మా ఇంట్లో ఆడపిల్లే ఉంది, మాకెందుకీ గొడవ" అని పేజీ తిప్పెయ్యకండి. ఈ రోజుల్లో ఏ పార్టీలో ఎవరి చేతికి గ్లాసు ఇస్తారో చెప్పలేం. ఒకే బరువున్న అబ్బాయి, అమ్మాయి ఒకే కొలత తాగినా అమ్మాయి రక్తంలోనే ఎక్కువ చేరుతుంది. ఆడవాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ. పొట్టలో ఆల్కహాలును కొంత విరగ్గొట్టే ఎంజైము కూడా ఆడవాళ్లలో తక్కువే. ఇది బలహీనతా కాదు, తప్పూ కాదు, శరీర ధర్మం. కానీ తెలియకపోతే ప్రమాదం.

ఖాళీ కడుపు, గబగబా

ఆల్కహాలు ఎక్కువగా రక్తంలోకి ఎక్కేది చిన్నపేగుల్లో. కడుపులో అన్నం ఉంటే పొట్ట తలుపు మూసుకుని ఉంటుంది, మెల్లమెల్లగా కిందికి వదులుతుంది. ఖాళీగా ఉంటే తిన్నగా జారిపోతుంది. పరీక్ష రాసి వచ్చిన మావాడు ఆ రోజు మధ్యాహ్నం ఏమీ తినలేదట. పార్టీలో తిన్నది గుప్పెడు చిప్స్.

అలాగని "తిని తాగితే పర్వాలేదు" అనుకోకూడదు. తిండి ఆలస్యం చేస్తుందే గాని, తాగినదాన్ని మాయం చెయ్యదు. లోపలికి పోయినదాంట్లో చాలా భాగం ఎప్పటికైనా రక్తంలోకి రావలసిందే.

ఇక వేగం. మన కాలేయం పాతకాలం తిరగలి లాంటిది. తిరగలి గుంటలో ఎన్ని గింజలు కుమ్మరించినా అది విసిరేది దాని పద్ధతిలోనే కదా? కాలేయం గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే విరగ్గొట్టగలదు. అంటే ఒక చిన్న పెగ్గుకి గంట. మిగిలినదంతా రక్తంలో తిరుగుతూ మెదడు మీద పని చేస్తూ ఉంటుంది. "ఒక్క గుక్కలో ఎవడు తాగుతాడో చూద్దాం" అనే పందేలు ఇందుకే ప్రాణం మీదికి తెస్తాయి.

మజ్జిగ, నిమ్మరసం, నల్ల కాఫీ, చన్నీళ్ల స్నానం... ఇవేవీ తిరగలిని తొందరపెట్టలేవు. కాఫీ తాగితే మత్తులో ఉన్నవాడు మేలుకుంటాడేమో గాని, మత్తు దిగదు. రాత్రి పది గంటలకి క్వార్టర్ తాగినవాడి రక్తంలో తెల్లారి బండి తీసేటప్పటికి కూడా మిగిలి ఉండవచ్చు. మన దేశంలో బండి నడిపేవారి రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. సన్నగా ఉండే పిల్లవాడు ఒక్క పెద్ద పెగ్గుతోనే ఆ గీత దాటిపోవచ్చు.

నిద్ర లేని కళ్లు, జలుబు మాత్ర

పరీక్షలప్పుడు మావాడు మూడు రాత్రులు సరిగా పడుకోలేదు. నిద్ర లేని ఒంటికి కొద్ది మత్తు కూడా పెద్ద మత్తే. దానికితోడు ముక్కు కారుతోందని ఆ సాయంత్రం జలుబు మాత్ర వేసుకున్నాడు. నేను సర్దిచ్చిన డబ్బాలోదే! చాలా జలుబు మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. మందు మీద మాత్ర పడితే ఆ రెండు మత్తులూ కలిసి మెదడును ముంచేస్తాయి. నిద్రమాత్రలు, ఆందోళనకి వాడే మాత్రలు, ఫిట్స్ మందులతో ఇంకా ప్రమాదం. విరేచనాలకి మనం ఇంట్లో ఉంచుకునే మెట్రోనిడజోల్‌తో కలిస్తే వాంతులు, గుండెదడ రావచ్చని డాక్టర్లు హెచ్చరిస్తారు. ఇన్సులిన్ తీసుకునే పిల్లలకి చక్కెర హఠాత్తుగా పడిపోతుంది, చూసేవాళ్లు "తాగి పడిపోయాడు" అనుకుని వదిలేస్తారు.

ఈ మధ్య ఎనర్జీ డ్రింకుల్లో కలుపుకుని తాగడం ఒకటి మొదలయింది. అందులోని కెఫీన్ నిద్రని ఆపుతుంది. దాంతో "నాకేం ఎక్కలేదు" అనిపిస్తుంది, ఇంకా తాగుతారు. ఎక్కడం మాత్రం ఎక్కుతూనే ఉంటుంది.

పక్కవాడి గ్లాసు

అన్నీ ఒంట్లోనే ఉండవు, కొన్ని మనసులో ఉంటాయి. ఆల్కహాలు లేని పానీయం ఇచ్చి "ఇది మందే" అని నమ్మిస్తే తూలుతూ మాట్లాడినవాళ్లున్నారని పరిశోధకులు చూశారు. తాగితే ధైర్యం వస్తుంది, అందరితో కలిసిపోవచ్చు అని నమ్మే పిల్లవాడు ఎక్కువ తాగుతాడు. బిడియస్తుడికి అదొక తోవలా కనిపిస్తుంది. మావాడు బిడియస్తుడే. ఒంటరితనం, బాక్‌లాగులు, ఇంటి మీద బెంగ ఉన్న పిల్లలు బాధ మరిచిపోవడానికి తాగితే అలవాటు త్వరగా అంటుకుంటుంది.

"అందరూ తాగుతున్నారు" అన్నది ఇంకో భ్రమ. అమెరికా విశ్వవిద్యాలయాల్లో పిల్లల్ని అడిగి చూస్తే, తోటివాళ్లు నిజంగా తాగేదానికంటే ఎక్కువ తాగుతున్నారని అనుకుంటున్నట్టు తేలింది. మన హాస్టళ్లలోనూ గోల చేసే ఐదుగురే కనిపిస్తారు, గదిలో చదువుకునేవాళ్లు కనిపించరు. మావాణ్ణి కాపాడింది అలా గదిలో ఉన్న కుర్రాడే.

"నాకెంత తాగినా ఎక్కదు" అని గొప్పలు పోయేవాడు కూడా జాగ్రత్తపడాలి. ఎక్కకపోవడం బలం కాదు, మెదడు దానికి అలవాటు పడుతోందని గుర్తు. తూలకపోయినా కాలేయం పాడవుతూనే ఉంటుంది.

ఇక వయసు. మంచిచెడ్డలు ఆలోచించి ఆగమని చెప్పే మెదడు భాగం పాతికేళ్ల దాకా పెరుగుతూనే ఉంటుంది. ఆ లేత మెదడు మీద పడే దెబ్బ వేరు. రాత్రి నడిచి, మాట్లాడి, పొద్దున్న "నాకేం గుర్తులేదు" అంటారే, అది నటన కాదు. ఆ కాసేపూ మెదడు జ్ఞాపకాలను రాసుకోవడం మానేస్తుంది. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే వ్యసనం అయ్యే అవకాశం అంత ఎక్కువ. మన ఆంధ్రలోనూ తెలంగాణలోనూ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదని చట్టం ఉంది. మావాడికి అప్పటికి ఇరవై.

నేను దాచిన మాట

అన్నీ చెప్పి డాక్టరమ్మ "ఇంట్లో ఎవరికైనా తాగుడు అలవాటు ఉందా?" అని అడిగారు. "అబ్బే, మా ఇంటావంటా లేదండీ" అన్నారు మావారు. నేనూ తల అడ్డంగా ఊపాను.

అది అబద్ధం.

మాది నెల్లూరు జిల్లా. మా నాన్న సారా తాగేవాడు. సాయంత్రమయితే అమ్మ మమ్మల్ని పక్కింటికి పంపేసేది. 1992లో దూబగుంటలో రోశమ్మ గారు, తోటి ఆడవాళ్లు సారా దుకాణాన్ని ఎదిరించినప్పుడు ఆ గాలి ఊరూరికీ పాకింది. చీపుర్లు పట్టుకుని నడిచిన ఆడవాళ్ల వెనక మా అమ్మ కూడా ఉంది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. నిషేధం ఉండగానే, 1996లో, మా నాన్న కాలేయం చెడి పోయాడు. నా పెళ్లిచూపులప్పుడు అమ్మ "కామెర్లతో పోయారు" అని చెప్పింది. అది నిజమే, సగం నిజం. అత్తవారింట్లో ఇన్నేళ్లూ ఆ సగమే చలామణీ అయింది.

మధ్యాహ్నం నేనొక్కదాన్నే డాక్టరమ్మ గదికి వెళ్లి మొత్తం చెప్పేశాను. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. "చెప్పి మంచి పని చేశారమ్మా. రాత్రి జరిగినదానికి మీ నాన్నగారు కారణం కాదు. అది బరువు, ఖాళీ కడుపు, మాత్ర, వేగం. కానీ వ్యసనం అయ్యే అవకాశంలో సుమారు సగం పాలు వంశంలోంచి వస్తుంది. బీపీ, షుగర్ ఉన్న ఇంట్లో పిల్లలకి ముందే చెప్పి జాగ్రత్త పెట్టుకోమంటాం కదా, ఇదీ అంతే. అలాగని రాసిపెట్టి ఉన్నట్టు కాదు. తెలిసినవాడు తప్పించుకోగలడు" అన్నారు.

ఇంటికొచ్చిన మూడోరోజు రాత్రి అన్నాలు తిన్నాక మావారికీ పిల్లాడికీ చెప్పాను. మావారు చాలాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్లు ఒక్కదానివే మోశావా?" అన్నారు చివరికి. పిల్లాడు మాత్రం "నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. కానీ ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

ఇది పిల్లలకి తప్పక చెప్పండి. తాగి పడిపోయినవాణ్ణి "పడుకోనీ, పొద్దున్నకి దిగిపోతుంది" అని వదిలెయ్యకూడదు. తాగడం ఆపినా, పొట్టలో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పడుకున్నాక స్థితి ఇంకా దిగజారవచ్చు.

* పిలిచినా, గిచ్చినా లేవకపోతే, ఊపిరి నిమిషానికి 8 కంటే తక్కువ అయినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య 10 సెకన్లు ఎడం వచ్చినా, ఒళ్లు చల్లబడి పెదవులు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం లేకుండా 108కి ఫోన్ చెయ్యాలి.

* పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. వెల్లకిలా ఉంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం పోతుంది.

* ఒక్కణ్ణే వదిలి వెళ్లకూడదు. నోట్లో వేలు పెట్టి వాంతి చేయించకూడదు. స్పృహ లేనివాడి నోట్లో మజ్జిగా, కాఫీ ఏదీ పోయకూడదు. చన్నీళ్లు గుమ్మరించకూడదు.

* తాగింది కల్తీదని అనుమానం ఉన్నా, చూపు మసకబారినా క్షణం ఆగకూడదు. కల్తీ సారాలో ఉండే మిథనాల్ కళ్లను, ప్రాణాన్ని కూడా తీస్తుంది.

ఆ రాత్రి మావాడు గురకలాంటి శబ్దం చేస్తుంటే "నిద్రపోయాడులే" అన్నారు నలుగురూ. వార్డెన్‌కి తెలిస్తే సస్పెండ్ చేస్తారని వాళ్ల భయం. నీళ్ల కోసం వచ్చిన పక్కగది కుర్రాడు చూసి, పక్కకి తిప్పి, 108కి ఫోన్ చేశాడు. "సస్పెండ్ అయితే ఆర్నెల్లు పోతాయి, వీడు పోతే తిరిగి రాడు" అన్నాడట. ఆ పిల్లాడికి ఈ జన్మలో రుణం తీర్చుకోలేను. పండగకి పంపే అరిసెల్లో వాడి వాటా మాత్రం వేరే కడుతున్నాను.

మనం ఏం చెయ్యగలం?

అరవడం, ఒట్లు వేయించుకోవడం వల్ల పిల్లలు తాగడం మానరు, చెప్పడం మానేస్తారు. "తాగకపోతే అన్నిటికన్నా మంచిది నాన్నా" అని సూటిగా చెప్పండి. ఇంత తాగితే ఆరోగ్యానికి ఏమీ కాదు అనే కొలత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది కూడా. దానితోపాటు పైన రాసిన కారణాలు చెప్పండి. చివరిగా ఒక్క మాట తప్పకుండా చెప్పండి: "నువ్వు గాని, నీ స్నేహితుడు గాని ఆపదలో ఉంటే ఏ వేళయినా ఫోన్ చెయ్యి. ముందు ప్రాణం, తిట్లు తరవాత."

మీ పుట్టింటోనో అత్తింటోనో ఇలాంటి చరిత్ర ఉంటే పిల్లలకి పదహారేళ్లు వచ్చేసరికే చెప్పెయ్యండి. ఇంట్లో మగవాళ్లు పండగలకి పిల్లల చేతే ఐసు ముక్కలు తెప్పిస్తుంటే ఆపండి. అలవాటు ముదిరిందనిపిస్తే దాచుకోకుండా 14446 అనే జాతీయ హెల్ప్‌లైనుకి ఫోన్ చేయవచ్చు. మనసు బాగాలేని పిల్లలకి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇది రాసే ముందు మావాణ్ణి అడిగాను. "రాయమ్మా, నా పేరొక్కటీ వెయ్యకు" అన్నాడు. ఇప్పుడు వాడు నాలుగో సంవత్సరం. పోయిన నెల రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. నా గుండె ఆగినంత పనయింది. "ఏం లేదమ్మా, సీనియర్ల పార్టీకి వచ్చాను. నేను తాగలేదు. ఇద్దర్ని గదులకి చేర్చి ఇప్పుడే వచ్చాను. ఆకలేస్తోంది, నువ్విచ్చిన కందిపొడి ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

నిజమే చెప్పాడో లేదో వెళ్లి చూడలేను. కానీ ఆ వేళకి ఫోన్ చేసి చెప్పాలనిపించిందే, నాకది చాలు.